పూచీ పడిన పెద్దమనిషి

మార్చి 4, బుధవారం

పంచాయితీ సక్రమంగా ముగిసింది. పాలకేంద్రం వరండాలో అందరికీ మామూలు ప్లాస్టిక్ కుర్చీలు, నాకు చేతులున్న కుర్చీ. సత్యవేడు బస్టాండులో ఏ బస్సు ఎప్పుడు కదలాలో చెప్పి రిటైరైన కంట్రోలరుని. మా ఊరు కండ్రిగలో ఏ మనిషి ఎటు కదలాలో చెప్పడం నాకొక లెక్క కాదు.

ఫిర్యాదు హేమశ్రీది. మా వీధి చివరి ఇల్లే. మొగుడు మునిశేఖర్ ట్రాక్టరు తోలుతాడు. తాగితే పెళ్ళాం మీద చెయ్యి చేసుకుంటాడు. మంచి పనిమంతుడు కూడా, కానీ ఆ మాట ఎవరూ అనరు, నేనే గుర్తుచేయాలి. పోయిన దసరాకు ఇదే తగువు వస్తే, గంగమ్మ గుళ్ళో వాడిచేత కర్పూరం ఆర్పించి, ఇక తాగను, కొట్టను అని ప్రమాణం చేయించాను. "వీడికి నేను పూచీ" అని ఊరందరి ముందూ అన్నాను. వాడు శివరాత్రి దాకా నిలబడ్డాడు. ఈ కాలంలో అదేమీ తక్కువ కాదు.

ఈసారి హేమశ్రీ ఎడమచేతికి పుత్తూరు కట్టు కట్టించుకుని వచ్చింది. ఇద్దరి మాటా విన్నాను. ఆమెది కొంచెం, వాడిది పూర్తిగా. తీర్పు చెప్పాను: వాడు మళ్ళీ కర్పూరం ఆర్పాలి, ఆమె మళ్ళీ ఇంటికి పోవాలి, సంసారం అన్నాక ఆడది సర్దుకుపోవాలి.

"తీర్పంటే ఇదన్నా" అన్నాడు పక్కనున్న తిరుమలయ్య. నేనేం చెప్పినా అతను ఆ మాటే అంటాడు. న్యాయం తెలిసిన మనిషి కాబట్టే పక్కన కూర్చోబెట్టుకుంటాను.

హేమశ్రీ మాత్రం కదల్లేదు. "మామా, ఈసారి చెయ్యి విరిగింది. ఇంగ ఏది విరిగితే మీరు వేరే తీర్పు చెప్తారు?" అంది.

వెనక ఎవరో నవ్వారు. పంచాయితీలో అలా మాట్లాడటం తప్పు. తప్పు కింద జరిమానా వేయొచ్చు కూడా. వేయలేదు. పెద్దరికమంటే అది.

కాఫీలు తెచ్చిన నా భార్య మునెమ్మ గ్లాసులు పెట్టేసి అక్కడే నిలబడి చివరిదాకా విన్నది. ఎప్పుడూ అలా నిలబడదు. ఇంటికొచ్చాక నాతో మాట్లాడలేదు. తలనొప్పి అయి ఉంటుంది.

మార్చి 5, గురువారం

తలనొప్పి కాదు.

పొద్దున్నే మునెమ్మ చీరలు మూట కట్టుకుంటోంది.

"యాడికి?" అన్నాను.

"తోటకాడికి. ఆ పిల్ల మొగుడింటికి పోలే. నేనే మన షెడ్డుకు పిల్చుకోని పోయినా. ఒక్కతే ఎట్టుంటాది?"

"నేను తీర్పు చెప్పినా గదా!"

"చెప్పినావు. విన్యా. అందుకే పోతాండా."

"నలుగురూ ఏమనుకుంటారు మే?"

"ఆ నలుగురి ముందరే గదయ్యా ఆ పిల్ల నిన్ను అడిగింది, ఇంకేది ఇరగాలని? నువ్వు జవాబు చెప్పలే. నాకు రాత్రంతా ఆ జవాబే కావాల్సొచ్చింది."

ఆ మామిడితోట ఆమె పుట్టింటివాళ్ళు ఆమె పేరున రాసింది. లేకుంటే వేరే సంగతి. పిందెలు పడే కాలం కదా, కోతులు ఎక్కువయ్యాయి, కాపలాకు పోయిందని ఊళ్ళో చెప్పాను.

ఈ డైరీ ఎవరూ చదవరు కాబట్టి నిజమే రాస్తున్నాను. నాకు కోపం రాలేదు.

మార్చి 6

కోతుల సంగతి అందరూ నమ్మారు.

మార్చి 8, ఆదివారం

పాలకేంద్రం దగ్గర మునికృష్ణ అడిగాడు. "ఏం పెద్దాయనా, పెద్దమ్మ తోల్తాండేది కోతుల్నా, మనుషుల్నా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కోతుల మీద జోకే కదా.

ఈ మునికృష్ణకు నా మీద పాత కసి ఉంది. వాడి బామ్మర్ది పొలం గట్టు జరపనని మాటిచ్చి, జరిపాడు. పూచీ పడింది మునికృష్ణ. మాట తప్పినవాడితోపాటు పూచీ పడ్డవాడు కూడా గంగమ్మ ముందు భుజం మీది తువ్వాలు నేలమీద పరిచి, దానిమీద బోర్లా పడుకుని తప్పు ఒప్పుకోవాలని అప్పుడు నేనే కట్టుబాటు పెట్టాను. పూచీ అంటే ఊరికే నోటిమాట కాదని ఊరికి తెలిసింది. మంచి తీర్పు. ఇప్పటికీ చెప్పుకుంటారు.

మార్చి 9

ఇంట్లో ఉప్పు ఎక్కడ ఉంటుందో ఎవరూ నాకు చెప్పలేదు.

మార్చి 11, బుధవారం

తిరుమలయ్య వచ్చి అరుగుమీద కూర్చున్నాడు. చాలాసేపు ఎండల గురించి మాట్లాడాడు. తర్వాత అన్నాడు, "అన్నా, వొదిన పంచాయితీ పెట్టమంటాంది."

"పెడదాం. ఎవురి మీద?"

అతను తన చెప్పులవైపు చూశాడు. "నీ మీదన్నా."

నేను నవ్వాను. అతను నవ్వలేదు. తిరుమలయ్య నేను నవ్వినప్పుడు నవ్వకపోవడం ఇదే మొదలు.

మునిశేఖర్ మాట తప్పాడు, పూచీ పడింది నేను, కాబట్టి మునికృష్ణకు వర్తించిన కట్టుబాటు నాకూ వర్తించాలట. ఇదీ ఆమె వాదన. ఇన్నేళ్ళూ కాఫీలిస్తూ వింటోందే గాని, ఇంత శ్రద్ధగా వింటోందని నేననుకోలేదు.

తువ్వాలు ఉతికి ఆరేశాను. ఎండ బాగుంది కాబట్టి ఉతికాను. వేరే కారణం లేదు.

మార్చి 15, ఆదివారం

ఉన్నదున్నట్టు రాయాలి.

మొదటి చిక్కు కుర్చీ. నేను ముద్దాయిని కాబట్టి చేతుల కుర్చీలో కూర్చోకూడదని జయరావు అన్నాడు. చర్చి వీధి పెద్ద ఆయన, న్యాయంగానే మాట్లాడతాడు, అదే ఆయనతో ఇబ్బంది. నడుంనొప్పి అని చెప్పి నేను అందులోనే కూర్చున్నాను. తీర్పు మాత్రం తిరుమలయ్య చెప్పేలా ఒప్పందం.

మునెమ్మ నిలబడే మాట్లాడింది. ఆ గొంతు నాకు కొత్త. ఇంట్లో ఎప్పుడూ అంత గట్టిగా మాట్లాడదు. నేను అవకాశం ఇవ్వలేదని కాదు.

"నేను ఆస్తి అడగలే, ఇడాకులూ అడగలే. మీ కట్టుబాటే మిమ్మల్ని అడగతాండా. ఈయప్ప పూచీ పడినాడు. ఆ అబ్బోడు మాట తప్పి చెయ్యి ఇరగ్గొట్టినాడు. మునికృష్ణ పడుకున్న జాగాలోనే ఈయప్పా పడుకోవాల. ఆ పిల్లని ఇంగ ఆ ఇంటికి తోలగూడదు. అంతే."

వెనకనించి మునికృష్ణ "నా తువ్వాలిస్తా పెద్దమ్మా" అని అరిచాడు. పెద్దలంతా వాడిని కసిరారు. నవ్వు ఆపుకుంటూ కసిరారు.

తిరుమలయ్య పక్కకు పోయి ఇద్దరితో గుసగుసలాడి వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. "సామాన్యులు పడేది పూచీ. పెద్దమనిషి ఇచ్చేది పూచీ గాదు, ఆశీర్వాదం. ఆశీర్వాదం ఫలించకపోతే దేవుడ్నే తప్పు పట్టరే, మనిషిని యాడ పడతారు? కాబట్టి అన్న మీద తప్పు లేదు. ఉగాదిలోగా హేమశ్రీని మొగుడింటికి పంపీవాల. వొదినా, నువ్వు గూడా ఇంటికి పో. ఆడోళ్ళు సర్దుకుపోతేనే గదా సంసారం."

మనసులో మెచ్చుకున్నాను. పూచీకి, ఆశీర్వాదానికి ఇంత సన్నని తేడా నాకే తట్టలేదు. జయరావు "నేను ఒప్పుకోను" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయన ఒక్కడే కదా.

మునెమ్మ తిరుమలయ్యను చూడలేదు. నన్నే చూసింది. "నువ్వైనా నోరు తెరిచి కాదనకపోతివే" అంది. హేమశ్రీ మంచి చెయ్యి పట్టుకుని తోటవైపు నడిచింది.

తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది.

మార్చి 16

గెలిచాను.

మార్చి 17

గెలిచినందుకు పలకరించడానికి ఎవరూ రాలేదు. ఎండలు ముదిరాయి, అందుకే.

మార్చి 19, గురువారం, ఉగాది

నిన్న రాయలేదు. నిన్నటిది ఈరోజు రాస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చాను. మునిశేఖర్ వచ్చి గేటు తట్టాడు. మాట ముద్దగా ఉంది, వాసన కూడా వచ్చింది. "పెదనాయనా, రేపే ఉగాది. తీర్పు ప్రకారం నా పెండ్లాన్ని నాకు ఇప్పీయ్. నువ్వొచ్చి చెప్తే పెద్దమ్మ కాదనదు."

తాగి ఉన్నావు, రేపు రారా అని ఉండాల్సింది. అనలేదు. తీర్పు అమలు కాకపోతే తీర్పుకే విలువ ఉండదని అప్పుడు తోచింది. కొత్తగా ఉతికిన తువ్వాలు భుజాన వేసుకుని వాడి వెంట నడిచాను. వాడు ముందు, నేను వెనక. చూసినవాళ్ళకు ఎవరు ఎవర్ని తీసుకుపోతున్నట్టు కనబడిందో తెలియదు.

తోటలో మునెమ్మ షెడ్డు ముందు ఊడుస్తోంది. హేమశ్రీ లోపల ఉంది. మునిశేఖర్ నేరుగా తలుపుకేసి పోయాడు. మునెమ్మ అడ్డం నిలబడి చీపురు చాచింది.

"ఆ పిల్ల రాదు. నువ్వు తాగొచ్చినావు. పో."

"తీర్పుండాది పెద్దమ్మా. నీ మొగుడే వచ్చినాడు సూడు."

మునెమ్మ అప్పుడే నన్ను చూసింది. వాడి వెనక నిలబడి ఉన్న నన్ను. ఆ చూపు గురించి రాయను.

వాడు ఆమెను ఒక్క తోపు తోశాడు. తలుపు పక్కనున్న రాతి రోలుకు నుదురు తగిలి పడిపోయింది. నెత్తురు కంటిమీదికి వచ్చింది.

నేను అరిచాను. ఏమని అరిచానో రాయాలి, ఇది నా డైరీ కదా. "రేయ్, నీకు తప్పు వేస్తా!" అని అరిచాను. అక్కడ పెద్దలు లేరు, కుర్చీ లేదు. మునిశేఖర్ వెనక్కి తిరిగి చూసి నవ్వాడు. "ఏం తప్పు పెదనాయనా? తీర్పు నీది, ఆశీర్వాదం నీది. నేను అమలు జరపతాండా, అంతే గదా."

వాడి చొక్కా పట్టుకున్నాను. ఒక్క విదిలింపుకు నేలమీద పడ్డాను. ముఖాన మట్టి. వాడు తలుపు తన్నుతున్నాడు. నేను లేచి, మళ్ళీ పోయి, వాడి కాళ్ళు రెండూ వాటేసుకున్నాను. వదల్లేదు. వాడు నా వీపుమీద గుద్దుతున్నాడు. నాకు చేతనయింది అదొక్కటే. వదలకుండా ఉండటం.

లోపలినుంచి హేమశ్రీ గొంతు వినబడుతోంది. ఏడుపు కాదు. ఫోనులో పోలీసులకు దారి చెబుతోంది. "పాలకేంద్రం దాటినాక ఎడంపక్క మట్టిబాట సార్. బిరీన రండి. ముసిలాయన్ని కొడతాండాడు."

ముసిలాయన అంటే ఎవరా అని ఒక క్షణం ఆలోచించాను.

ఆ అరుపులకు పక్క తోటలో పిందెలు ఏరుతున్న ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి వాణ్ణి పట్టుకున్నారు. జీపు వచ్చింది. మునెమ్మ నుదుటికి సత్యవేడు ఆస్పత్రిలో కుట్లు పడ్డాయి. నాకు వీపు వాచింది, అంతే. తర్వాత స్టేషన్.

ఎస్సై ఒక ఆడపిల్ల, పేరు ఎస్తేరు. "మీరేం చేస్తారు సార్?" అంది.

"పెద్దమనిషిని."

"అది కాదు సార్. పని."

"రిటైర్డ్ కంట్రోలరు, ఆర్టీసీ."

అది రాసుకుంది. "మునిశేఖర్ ఆమెను కొడతాడని మీకు ముందే తెలుసా?"

"మా కట్టుబాటు ప్రకారం మేము దసరాకు వాడి చేత..."

"కట్టుబాటు వద్దు సార్. తెలుసా, తెలీదా?"

బెంచీ మీద హేమశ్రీ కూర్చుని ఉంది. ఆమె నావైపు చూడటం లేదు. నేను ఏం చెబుతానో ఆమెకు ముందే తెలిసినట్టుంది. దానికి నాకు ఒళ్ళు మండింది. నన్ను అంత తేలిగ్గా అంచనా వేస్తుందా?

"తెలుసు" అన్నాను. "రెండుసార్లు పంచాయితీ చేసి, రెండుసార్లూ నేనే వెనక్కి పంపినాను."

ఎస్సై రాసుకుంది. సంతకం పెట్టమంది. పెట్టాను. హేమశ్రీ అప్పుడు చూసింది. మెచ్చుకోలేదు, కృతజ్ఞతా చూపలేదు. చూసింది, అంతే.

మునెమ్మ మాత్రం ఆస్పత్రినుంచి తిన్నగా తోటకే పోయింది. ఆటోలో నాకు చోటు ఉందేమో అని చూశాను. ఉంది. ఎవరూ ఎక్కమనలేదు.

ఉగాది పచ్చడి చేసుకోలేదు.

మార్చి 20

తిరుమలయ్య ఫోను ఎత్తడం లేదు. సిగ్నల్ ఉండదు ఆ వీధిలో.

మార్చి 22, ఆదివారం

నన్ను పంచాయితీకి పిలిచారు. ఊరి తగువు ఊరు దాటి స్టేషనుకు పోగూడదు, పోయినవాడు ఊరికి ద్రోహి అనే కట్టుబాటు ఒకటి ఉంది. బాగా గట్టిగా రాసిన కట్టుబాటు. నేనే పెట్టాను.

పాలకేంద్రం వరండాలో చేతుల కుర్చీలో తిరుమలయ్య కూర్చున్నాడు. అతని చేతులు కుర్చీ చేతులకు అందడం లేదు, మోచేతులు గాల్లో ఉన్నాయి. నాకు ఏ కుర్చీ వేయలేదు. నడుంనొప్పి సంగతి ఎవరూ అడగలేదు.

"అన్నా, ఏం లేదు. స్టేషన్లో రాసిచ్చింది వాపసు తీసుకో. మునిశేఖర్ నన్ను కొట్టలే, జారి పడినానని చెప్పు. వొదిన గూడా జారి పడింది. గంగమ్మ ముందర తువ్వాలేసి ఒకసారి పడుకో. ఊళ్ళో నీ మర్యాద నీకుంటాది."

"లేకుంటే?"

"లేకుంటే వెలి. పాలు పోయించుకోరు. నీ గడప ఎవురూ తొక్కరు. మాటాపలుకూ ఉండదు." గొంతు తగ్గించాడు. "సర్దుకుపోన్నా."

ఈ మాట అనేటప్పుడు ఎలా ఉంటుందో నాకు తెలుసు. వినేటప్పుడు ఎలా ఉంటుందో తెలియదు. ఆ మాట చాలా మెత్తగా వచ్చి గొంతుమీద కూర్చుంటుంది.

చుట్టూ చూశాను. వీళ్ళలో సగంమందికి నేను తీర్పులు చెప్పాను. ఎవరి ముఖంలోనూ కోపం లేదు. నేను తువ్వాలు తీస్తానా లేదా అని సరదాగా చూస్తున్నారు, అంతే. మునికృష్ణ ఒక్కడే తల వంచుకుని ఉన్నాడు.

"తిరుమలయ్యా, నేను జారి పడలే. ఆమె గూడా జారి పడలే" అన్నాను. "వెలి వేసుకో. ఆ వేసేదేదో గట్టిగా వెయ్. లోపలున్న మీకు గూడా బయటున్న నేను కనబడాల."

తేలికగా నడిచి వచ్చేశాను అని రాయాలని ఉంది. కానీ గేటు దాటే దాకా వెనక ఎవరైనా "అన్నా" అంటారేమో అని చెవి అటే పెట్టాను. ఎవరూ అనలేదు.

మార్చి 25

'గ్రామ పెద్దలు' వాట్సాప్ గ్రూపు నుంచి నన్ను తీసేయాలనుకున్నారు. అడ్మిన్ నేనే. నన్ను తీయడం ఎవరికీ చేతకాక అందరూ దిగిపోయి కొత్త గ్రూపు పెట్టుకున్నారట. పాత గ్రూపులో ఇప్పుడు నేనొక్కడినే ఉన్నాను. అడ్మిన్‌గానే.

మార్చి 27

పాలకేంద్రంలో మా బర్రె పాలు పోయించుకోలేదు. బర్రెకు నా తీర్పులతో ఏమీ సంబంధం లేదని చెప్పి చూశాను.

మార్చి 30

మాట్లాడేవాళ్ళు లేక పగలు చాలా పొడుగ్గా ఉంది. నేనింతకుముందు వెలి వేసినవాళ్ళు ఈ పగలంతా ఏం చేసేవాళ్ళో.

ఏప్రిల్ 2, గురువారం

జయరావు వచ్చాడు. వెలి అంటే నాకు లెక్క లేదు అని గేటు తీసుకుని నేరుగా లోపలికి వచ్చి కూర్చున్నాడు. మునిశేఖర్‌కు బెయిలు వచ్చిందట. హేమశ్రీ ఉన్న చోటికి పోకూడదని షరతు పెట్టారట. కేసు నడుస్తుంది, నేను సాక్షిగా పోవాల్సి ఉంటుందట.

"వస్తావా చిన్నబ్బా? కోర్టులో గట్టిగా అడగతారు, పరువు తీస్తారు."

"వస్తా" అన్నాను. నా పేరు పెట్టి పిలిచే మనిషి ఒకడు ఉన్నందుకు రెండుసార్లు కాఫీ ఇచ్చాను. రెండుసార్లూ బాగాలేదు. తాగాడు.

ఏప్రిల్ 5, ఆదివారం

ఉదయం తోటకు పోయాను. చెప్పాల్సింది దారంతా సిద్ధం చేసుకున్నాను. స్టేషన్లో నిజం చెప్పాను, వెలి పడ్డాను, వాపసు తీసుకోలేదు, కాబట్టి ఇంటికి రా. మంచి వాదన. ఏ పంచాయితీలో అయినా నిలబడుతుంది.

షెడ్డు ముందు గోనెపట్టా మీద చింతకాయల కుప్ప. మునెమ్మ, హేమశ్రీ కూర్చుని కొడుతున్నారు. హేమశ్రీ చేతికి ఇంకా కట్టు ఉంది, ఒంటిచేత్తోనే గింజలు ఏరుతోంది. మునెమ్మ నుదుటిమీద కుట్ల మచ్చ. నన్ను చూసి ఇద్దరూ పని ఆపలేదు.

వాదన వినిపించాను. మునెమ్మ మొత్తం విన్నది.

"నిజం చెప్పినావు, మంచిదే" అంది. "అట్టని నేను ఇంటికి రావాల్నా? ఈ పిల్ల కేసు తెగేదాకా నేను ఈణ్ణుంచి కదల్ను. తెగినాక గూడా వస్తానో రానో తెలీదు. అప్పుడు సూస్తాం."

"మరి నేనేం చెయ్యాల?"

ఆమె చెయ్యి ఆగింది. నేను ఈ ప్రశ్న అడగడం ఆమె ఎప్పుడూ వినలేదు. నేనూ వినలేదు.

"నాకేం తెలుసయ్యా! ఇన్నాళ్ళూ ఊరందరికీ ఏం చెయ్యాల్నో చెప్పినోడివి నువ్వే గదా" అంది.

నిలబడ్డాను. ఎండ నెత్తికెక్కింది. వెనక్కి పోదామంటే పలకరించే మనిషి లేని వీధి. కాసేపటికి గోనెపట్టా అంచున కూర్చున్నాను. లేవమని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.

హేమశ్రీ ఒక చిన్న కర్ర సుత్తి నా ముందుకు జరిపింది. "ఊరికే కూసోవాకు మామా, కొట్టు."

ఒక కాయ తీసుకుని కొట్టాను. గట్టిగా కొట్టాను. గింజ పగిలి, పండు పచ్చడయింది.

"అట్ట గాదు" అంది మునెమ్మ, నావైపు చూడకుండానే. "పెంకు మీద మెల్లిగా కొట్టు. గింజ ఇరగ్గూడదు."

"సరే" అన్నాను.

ఇంకో కాయ తీసుకున్నాను.